చిన్న ట్రాలీకి హబ్బులు, చక్రాలు, టైర్లు: ఏ జత ఎవరికి సరిపోతుంది

మినీ ట్రాక్టరుకో పవర్ టిల్లరుకో రెండు చక్రాల చిన్న ట్రాలీ చేయించుకుందామని వెల్డింగ్ షాపుకు వెళ్లిన రైతును అక్కడివాళ్లు మొట్టమొదట అడిగే మాట "టైర్లు ఏవి వేద్దాం?" అనే. వెళ్లినవారి మనసులో కూడా అదే ఉంటుంది. ఇంట్లో ఏ మూలనో ఒక జత పాత టైర్లు పడి ఉంటాయి, లేదా తెలిసినవాళ్ల దగ్గర చవకగా దొరుకుతాయి. ఇక ఆ టైర్లకు పట్టే రిమ్ములు, ఆ రిమ్ములను బోల్టులతో పట్టుకుని బేరింగుల మీద తిరిగే హబ్బులు, ఆ హబ్బులు ఎక్కే ఇరుసు అంటూ బండి మొత్తం ఆ పాత టైర్లను బట్టే తయారవుతుంది. నా ఉద్దేశంలో ఈ వరుసను పూర్తిగా తిరగెయ్యాలి. బండి మోయవలసిన బరువు ముందు తేలాలి; ఆ బరువును బట్టి ఇరుసు చివర బేరింగులు కూర్చునే స్టబ్బు, బేరింగు, హబ్బు తేలాలి; ఆ హబ్బుకు పట్టే రిమ్ము, ఆ రిమ్ముకు దొరికే టైర్లలో మన నేలకు నప్పేది చివరగా తేలాలి.

ఈ మాట నేను డబ్బు పోగొట్టుకున్నాక చెబుతున్నాను. మొదటిసారి చేయించుకున్న ట్రాలీకి పాత సామాన్ల దుకాణంలో దొరికిన చిన్న కారు వెనుక హబ్బులు వేయించాను. కారణం వేరే ఏమీ లేదు, వాటితో పాటు పెద్దగా అరగని రెండు టైర్లు వచ్చాయి. రెండు సీజన్లు ఎరువులకూ వడ్లకూ బాగానే నడిచింది. మూడో ఏడు ఫిబ్రవరిలో పద్దెనిమిది మిర్చి బస్తాలతో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోతుండగా, వెనుక నుంచి వస్తున్న ఆటో అతను చెయ్యి ఊపి ఆపించాడు. దిగి చూస్తే ఎడమ చక్రం పైభాగం లోపలికి ఒరిగి ట్రాలీ పలకను రాసుకుంటున్నది. సీసాలోని నీళ్లు హబ్బు మీద పోస్తే పెనం మీద పడ్డట్టు చుర్రుమన్నాయి. మూత విప్పితే లోపల గ్రీజు లేదు, నల్లటి పొడి మాత్రమే ఉంది. బేరింగు గోళీలు నీలం రంగుకు తిరిగాయి, లోపలి రింగు స్టబ్బు మీదే తిరిగి దాని మీద వేలితో తడిమితే తెలిసేంత గాడి కోసింది. బస్తాలన్నీ రోడ్డు పక్కన దింపి, వేరే బండి మాట్లాడుకుని మార్కెట్‌కు చేరేసరికి ఆ రోజు బేరం దాటిపోయింది. తరువాత ఆ ఇరుసును చూసిన పెద్ద మెకానిక్ అన్న మాట ఇది: "టైరు పోతే టైరు మారుస్తం సారూ, స్టబ్బు అరిగితే ఇరుసే మార్చాలె." ఆ ట్రాలీకి టైర్లు మాత్రం చివరిదాకా కొత్తవాటిలాగే ఉన్నాయి.

బరువును ఎలా లెక్కకట్టాలి

"ఒక టన్ను ట్రాలీ", "టన్నున్నర ట్రాలీ" అని నోటి లెక్కన చెప్పుకోవడం కాకుండా, ఒక్కో చక్రం మీద ఎన్ని కిలోలు పడతాయో కాగితం మీద వేసుకోవాలి. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోలు, యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. ముప్పై వడ్ల బస్తాలు వేస్తే 1,200 కిలోలు. ట్రాలీ సొంత బరువు 350 కిలోలనుకుంటే మొత్తం 1,550. ఇరుసును డబ్బా మధ్యకు కాస్త వెనుకగా పెడితే ఇందులో 200 కిలోల దాకా ట్రాక్టరు హుక్కు మీదకు పోతుంది, మిగిలిన 1,350 రెండు చక్రాలు పంచుకుంటాయి, అంటే చక్రానికి 675 కిలోలు. అయితే ఇది చదునైన రోడ్డు మీద నిలబడ్డ బండి లెక్క. చెరువు కట్ట మీద నుంచి పక్కకు దిగేటప్పుడు, ఒక చక్రం గుంతలోకీ మరొకటి గట్టు మీదకూ పోయినప్పుడు పల్లపు వైపు చక్రం తన వాటా కంటే చాలా ఎక్కువ మోస్తుంది. కనీసం నాలుగో వంతు కలుపుకోవడం నా అలవాటు. ఆ ప్రకారం చక్రానికి సుమారు 850 కిలోలు తట్టుకునే సరంజామా కావాలి. పదిహేను బస్తాలకు మించి వేయనివారికి, ట్రాలీ బరువు 250 కిలోలైతే, ఇదే లెక్కన చక్రానికి 470 కిలోలు వస్తుంది. ఈ రెండు సంఖ్యల మధ్య తేడాయే హబ్బు నుంచి టైరు దాకా అన్నింటినీ నిర్ణయిస్తుంది.

పత్తి విషయంలో జనం ఎక్కువగా మోసపోతారు. డబ్బా నిండా, దాని మీద చుట్టూ కట్టెలు నిలిపి ఎత్తుగా పత్తి నింపినా బరువు పెద్దగా ఉండదు, చిన్న చక్రాలు హాయిగా లాగుతాయి. అదే డబ్బాలో తడి ఇసుకో మొరమో సగం దాకా పోసినా బరువు రెండింతలు దాటుతుంది. ట్రాలీ ఉన్న ఇంటికి "ఒక్క ట్రిప్పు మట్టి తెచ్చిపెట్టు అన్నా" అని అడగని పక్కింటివాళ్లు ఉండరు కాబట్టి, లెక్క వేసేటప్పుడు పత్తిని కాదు, మట్టిని మనసులో పెట్టుకోవాలి.

మన దగ్గర దొరికే నాలుగు జతలు

వరంగల్ ఆటోనగర్‌లో తిరిగినా, నర్సంపేట, పరకాల, హుజూరాబాద్ వంటి చోట్ల వెల్డింగ్ షాపుల్లో చూసినా, చిన్న ట్రాలీలకు వాడే సరంజామా సుమారుగా నాలుగు రకాలుగా ఉంటుంది.

మొదటిది ఆటో చక్రాలు, అంటే 4.00-8 కొలత: మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లో. దీని మీద ఎక్కువ మాటలు అవసరం లేదు. గడ్డి మోపులు, మందు కొట్టే పంపు, పైపులు తీసుకుపోయే చేతిబండి స్థాయి ట్రాలీకి తప్ప మరి దేనికీ ఇది పనికిరాదు. టైరు వ్యాసం నలభై సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. కిలోమీటరుకు దాదాపు 770 చుట్లు తిరగాలి, ప్రతి గుంతలోకీ పూర్తిగా దిగాలి.

రెండోది పన్నెండు అంగుళాల రిమ్ములు. ఇక్కడే అసలు పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే చూపుకు ఒకేలా ఉండే రెండు వేరువేరు వస్తువులు ఈ కొలతలో ఉన్నాయి. మారుతి 800 టైరు 145/70 ఆర్ 12. దాని పక్కగోడ మీద ఉండే లోడ్ ఇండెక్స్, అంటే టైరు మోయగల బరువును చెప్పే సంఖ్య, 69; అంటే 325 కిలోలు. 2005లో వచ్చిన చిన్న సరుకు బండి టాటా ఏస్ వాడే 145 ఆర్ 12 ఎల్‌టీ 8 పీఆర్ టైరు (ఎల్‌టీ అంటే లైట్ ట్రక్కు, పీఆర్ అంటే పొరల బలం) కూడా పన్నెండు అంగుళాలదే, వెడల్పు అంకె కూడా 145యే; కానీ దాని లోడ్ ఇండెక్స్ 86/84, అంటే ఒంటి చక్రంగా 530 కిలోలు, జంట చక్రాల్లో ఒక్కోదానికి 500. రెండు చక్రాల ట్రాలీకి ఇది 650 కిలోలకూ 1,060 కిలోలకూ మధ్య ఉన్న తేడా. పాత సామాన్ల దుకాణంలో "పన్నెండు ఇంచులదే కదా, ఏదైతే ఏంది" అన్న మాట వినిపిస్తే అక్కడ కొనకపోవడమే మంచిది. పదిహేను బస్తాల ట్రాలీకి ఏస్ రకం టైరు, దానికి తగ్గ హబ్బు సరిగ్గా సరిపోతాయి. కారు టైరు సరిపోదు.

మూడోది జీపు తరహా పదహారు అంగుళాల చక్రం, 6.00-16 టైరు, అయిదు బోల్టుల హబ్బు. పాత జీపుల ముందు హబ్బులు మనవైపు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఈ టైరుకు ఉన్న గొప్ప సుగుణం, చాలా ట్రాక్టర్ల ముందు చక్రాలకు ఇదే కొలత కావడం. ఏ ఊళ్లో పంక్చర్ షాపుకు పోయినా 6.00-16 ట్యూబు ఉంటుంది, ఇంట్లో పాతది ఒకటైనా గోడకు వేలాడుతూ ఉంటుంది. అయితే ట్రాక్టరు ముందు టైరును, మూడు నిలువు గీతలు ఉండేదాన్ని, ట్రాలీకి వేసేవారు దాని పక్కగోడ మీద ఏ6 లేదా ఏ8 అనే గుర్తు ఉందేమో చూసుకోవాలి. అది టైరు తట్టుకునే వేగం: ఏ6 అంటే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40. పొలానికీ కొనుగోలు కేంద్రానికీ మధ్య అది చాలు. జాతీయ రహదారి 163 మీద అంతకు మించి తోలేవారికి మాత్రం ఎల్‌టీ రకమే వేయాలి.

నాలుగోది 7.50-16, ఆరు బోల్టుల ట్రాలీ హబ్బు. ఒక్కో చక్రం టన్నుకు పైగా మోస్తుంది. ముప్పై బస్తాల లెక్కకు నా దృష్టిలో ఇది తప్ప నిజాయితీగా చెప్పదగిన జవాబు మరొకటి లేదు. ఖర్చు ఎక్కువ, ఖాళీ బండి బరువు ఎక్కువ, డబ్బా ఎత్తు పెరుగుతుంది: ఏస్ టైరు సగం వ్యాసం 27 సెంటీమీటర్లయితే దీనిది 40. ఆ పదమూడు సెంటీమీటర్లు కాగితం మీద చిన్నవే. ముప్పై బస్తాలు భుజం మీద నుంచి ఎత్తి వేసేవాళ్లను అడిగితే అవి ఎంత పెద్దవో చెబుతారు. ఎత్తు పెరిగితే కట్ట దిగేటప్పుడు బండి ఒరిగే ప్రమాదం కూడా పెరుగుతుంది కాబట్టి, ఈ చక్రాలు వేసేవారు రెండింటి మధ్య వెడల్పు తగ్గించకూడదు.

హబ్బు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి

హబ్బు ఎంపికలో మొదట చూడవలసింది బేరింగు రకం. బాల్ బేరింగు ఉన్న హబ్బులు తేలిగ్గా తిరుగుతాయి, కానీ మలుపుల్లోనూ పక్క వాలులోనూ చక్రాన్ని అడ్డంగా నెట్టే బరువును తట్టుకోవడానికి అవి తయారైనవి కావు. టేపర్ రోలర్ బేరింగుల్లో ఒక చివరకు సన్నబడే రోలర్లు ఏటవాలుగా కూర్చుంటాయి. లోపల ఒకటి, బయట ఒకటి ఎదురెదురుగా పెట్టినప్పుడు పైనుంచి వచ్చే బరువునూ పక్కనుంచి వచ్చే తోపునూ రెంటినీ మోస్తాయి. పైగా కాస్త వదులైతే నట్టుతో సరిచేసుకోవచ్చు, విప్పి కడిగి గ్రీజు పెట్టుకోవచ్చు. కొత్త కార్లలో వచ్చే మూసివేసిన బేరింగు యూనిట్లు రోడ్డు మీద ఎంత బాగున్నా, వాటికి గ్రీజు పెట్టే దారి లేదు, పోతే మొత్తం మార్చాలి. పొలం ట్రాలీకి నేను టేపర్ బేరింగులు కాని హబ్బును ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

రెండోది బేరింగు నంబరు. మిల్లీమీటర్ల కొలతలో వచ్చే టేపర్ బేరింగుల నంబరులో చివరి రెండు అంకెలను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది: 30206 అంటే 30 మి.మీ., 30208 అంటే 40, 30210 అంటే 50. ఈ నంబర్లు మండల కేంద్రంలోని ఏ బేరింగుల దుకాణంలోనైనా దొరుకుతాయి. పాత జీపు హబ్బుల బేరింగులు అంగుళాల కొలతవి, వాటి నంబర్లకు ఈ గుణకారం వర్తించదు. కొనేముందే ఆ నంబరు మనకు దగ్గరలో దొరుకుతుందో లేదో దుకాణంలో అడిగి తెలుసుకోవాలి. మార్చిలో మిర్చి సీజను మధ్యలో బండి ఆగితే, హైదరాబాద్ నుంచి రెండు రోజుల్లో వస్తుందని చెప్పే బేరింగు ఎంత మంచిదైనా లేనట్టే లెక్క.

మూడోది స్టబ్బు మందం. గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే బలం దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 30 మి.మీ. నుంచి 40 మి.మీ.కు పోతే మందం పెరిగింది మూడో వంతే, బలం మాత్రం రెండింతలు దాటుతుంది. చక్రానికి 675 కిలోల లెక్కలో 30 మి.మీ. స్టబ్బు, చక్రం మధ్యగీత ఇరుసు మొదలు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు బయటికి ఉంటే, సాదా ఇనుము వంగిపోయే హద్దుకు దగ్గరగా పనిచేస్తుంటుంది. గుంతలో పడ్డప్పుడు ఆ హద్దు దాటుతుంది. నా మొదటి ట్రాలీలో చక్రం ఒరగడానికి బేరింగు ఒక్కటే కారణం కాదు, స్టబ్బు అప్పటికే కొంచెం వంగి ఉంది. పదిహేను బస్తాల బండికి లోపలి బేరింగు దగ్గర 35 మి.మీ., ముప్పై బస్తాల బండికి 45 నుంచి 50 మి.మీ. ఉండాలన్నది నేను పెట్టుకున్న కొలమానం. స్టబ్బును ఈఎన్ 8 వంటి గట్టి ఉక్కుతో లేతు మీద తిప్పించేవారు దాన్ని ఇరుసుకు వెల్డింగ్ చేసేముందు వేడి చేయించాలి; చల్లటి ఉక్కు మీద నేరుగా వెల్డింగ్ పెడితే అతుకు పక్కనే కంటికి కనపడని పగులు పుట్టి, ఏడాది తరువాత ఒక రోజు చక్రం విడిగా దొర్లిపోతుంది. బేరింగు కూర్చునే చోటుకు దగ్గరగా వెల్డింగ్ అసలే పెట్టనివ్వకండి.

హబ్బు వెనుక ఆయిల్ సీలు, ముందు మూత చిన్న వస్తువులే. మన వైపు వరి మళ్లు, వాగులు ఉన్నాయి కాబట్టి వాటిని చిన్నచూపు చూడకూడదు. పది కిలోమీటర్లు నడిచి వేడెక్కిన హబ్బును తిన్నగా వాగు నీళ్లలోకి దింపితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి సీలు అంచు నుంచి నీళ్లను లోపలికి లాక్కుంటుంది. వాగు ఒడ్డున అయిదు నిమిషాలు ఆగితే ఆ ముప్పు తప్పుతుంది. గ్రీజు విషయంలో, వీల్ బేరింగు గ్రీజు అని అడిగి తీసుకోవాలి, రెండు రకాలు కలపకూడదు. బేరింగు బిగించేటప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పుతూ నట్టు బిగించి, బరువుగా తిరగడం మొదలవగానే కొద్దిగా వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ను పెట్టాలి. పాత పిన్నును సుత్తితో సాగగొట్టి మళ్లీ పెట్టే అలవాటును షాపుల్లో నేను ఇప్పటికీ చూస్తున్నాను.

రిమ్ము పట్టడం, పట్టినట్టు కనిపించడం

రిమ్ము హబ్బుకు సరిపోవాలంటే బోల్టుల సంఖ్య ఒకటైతే చాలదు. బోల్టుల నడిబిందువుల గుండా గీసిన వృత్తం వ్యాసం, అంటే షాపుల్లో పీసీడీ అనేది, మిల్లీమీటరుతో సహా కలవాలి. నాలుగు, ఆరు బోల్టుల రిమ్ముకు ఎదురెదురు రంధ్రాల నడిమి దూరం కొలిస్తే చాలు. అయిదు బోల్టులకు ఎదురు రంధ్రం ఉండదు కనుక పక్కపక్క రంధ్రాల నడిమి దూరం కొలిచి 0.588తో భాగించాలి. జీపు రిమ్ములో ఆ దూరం 82 మి.మీ. వస్తుంది, భాగిస్తే దాదాపు 139.5, అసలు కొలత 139.7, అంటే అయిదున్నర అంగుళాలు. రంధ్రాలను గ్యాసు కటింగుతో కొంచెం వెడల్పు చేసి "ఎక్కించేద్దాం" అనే షాపు నుంచి రిమ్ము వెనక్కు తెచ్చుకోండి; కోలగా మారిన రంధ్రంలో నట్టు ఎంత బిగించినా నిలవదు. నట్టు మొహం శంఖాకారంలో ఉంటే రిమ్ము రంధ్రం అంచు కూడా అలాగే ఉండాలి, చదును నట్టుకు చదును అంచు ఉండాలి. పాత విల్లీస్ తరహా జీపుల ఎడమవైపు స్టడ్లకు ఎడమ మర ఉంటుంది, మన మెకానిక్కులు ఉల్టా చూడీ అనేది. తెలియక మామూలు దిక్కున విప్పబోయి స్టడ్డు తెంపేవాళ్లు చాలామంది.

చక్రాల మధ్య వెడల్పు పెంచడానికి రిమ్మును తిరగేసి బిగించడం మన వైపు మామూలే. హబ్బు తయారైనప్పుడు బరువు రెండు బేరింగుల నడుమ, పెద్దదైన లోపలి బేరింగుకు దగ్గరగా పడేలా కొలిచి పెడతారు. రిమ్మును తిరగేస్తే ఆ బరువు బయటి చిన్న బేరింగు వైపు జరిగి, స్టబ్బు మొదట్లో వంపు కూడా పెరుగుతుంది. వెడల్పు కావాలంటే ఇరుసును పొడుగ్గా చేయించడమే దారి. ఆ పొడుగును సొంత ట్రాక్టరు వెనుక చక్రాల మధ్య దూరం కొలిచి నిర్ణయిస్తే, ట్రాలీ చక్రాలు ట్రాక్టరు అప్పటికే అణచిన జాడలోనే నడుస్తాయి. నల్లరేగడిలో వాన తరువాత ఆ తేడా ఇంజను చప్పుడులోనే తెలిసిపోతుంది.

7.50-16 చక్రాల్లో కొన్నింటికి విడిగా లాకు రింగు ఉంటుంది. నట్లు విప్పేముందు గాలి పూర్తిగా తీసెయ్యాలి, గాలి నింపేటప్పుడు రింగుకు ఎదురుగా మనిషి నిలబడకూడదు. వంగిన, తుప్పు తిన్న రింగు ఎగిరిపడితే ప్రాణం పోతుంది. ఒకే ముక్క రిమ్ము దొరికితే నేను దానికే మొగ్గుతాను.

టైరు: నేల చెప్పినట్టు వినాలి

టైరు నేల మీద మోపే ఒత్తిడి సుమారుగా దానిలో ఉన్న గాలి ఒత్తిడికి సమానం. ఏస్ రకం 145 టైరు తన పూర్తి బరువు మోయాలంటే 65 పౌండ్ల గాలి కావాలి. అంత గట్టి, అంత సన్నటి టైరు తడి నల్లరేగడిలో కత్తిలా దిగుతుంది. పెద్ద టైరు అదే బరువును సగం గాలితో మోస్తుంది కాబట్టి పైపైనే నడుస్తుంది. చలక నేలలు, మొరం బాటలు ఎక్కువగా ఉన్నచోట చిన్న చక్రాలతో ఇబ్బంది పడరు. భూమి నల్లరేగడి అయితే, మోసేది పదిహేను బస్తాలే అయినా, నేను పన్నెండు అంగుళాలు వదిలి 6.00-16కే వెళతాను.

నైలాన్ టైరా, రేడియలా అన్న చర్చ ట్రాలీ దగ్గర అంత పెద్దది కాదు. రేడియల్ టైరు పక్కగోడ మెత్తన. నరికిన పత్తి మోళ్లు, మక్క కొయ్యలు పక్కనుంచి పొడుచుకునే చేనులో నైలాన్ టైరు మందపు గోడ ఎక్కువకాలం ఉంటుంది. రోజూ తారు రోడ్డు మీద దూరం తిరిగే బండికి రేడియల్ వేడెక్కడం తక్కువ. ట్యూబులెస్ విషయంలో, సర్కారు తుమ్మ ముల్లు దిగితే గాలి ఒక్కసారిగా పోకపోవడం, చక్రం విప్పకుండానే పురి దూర్చి మూసుకోవడం గొప్ప వెసులుబాటు. కానీ వెల్డింగ్ పడ్డ, అంచు తుప్పు పట్టిన పాత రిమ్ము మీద ట్యూబులెస్ గాలి నిలవదు, కాబట్టి పాత రిమ్ముకు ట్యూబు, కొత్త రిమ్ముకు మీ ఇష్టం. ట్రాలీ చక్రం లాగే చక్రం కాదు, ఈడ్వబడే చక్రం. దానికి ట్రాక్టరు వెనుక టైరు వంటి లోతైన గుబ్బలు అవసరం లేదు. అవి బురదను పట్టుకుని బరువు పెంచుతాయి. నిలువు గీతల టైరే మేలు.

పాత టైరు కొనడం తప్పు కాదు, గుడ్డిగా కొనడం తప్పు. పక్కగోడ మీద తయారీ తేదీని చెప్పే నాలుగు అంకెలు చూడండి: 2318 అంటే 2018లో ఇరవై మూడో వారం. మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండ కాసే మన ప్రాంతంలో నెలల తరబడి కదలకుండా ఆరుబయట నిలబడే ట్రాలీకి టైరు అరిగి పోవడం కంటే ఎండకు పగిలి పోవడమే ఎక్కువ. గీత లోతుగా ఉందని మురిసిపోకుండా టైరును వంచి పక్కగోడలో సన్నటి పగుళ్లు చూడాలి. గోరు దిగే పగులు ఉంటే వదిలెయ్యాలి. రీట్రేడింగ్ చేసిన టైరు నెమ్మదిగా నడిచే బండికి పనికొస్తుంది, కేసింగు, అంటే కింది పాత టైరు ఒడలు, దాని వయసు తెలిస్తేనే. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. కార్ల టైర్లకు ఐఎస్ 15633, వాణిజ్య వాహనాల టైర్లకు ఐఎస్ 15636 అని ఉంటుంది కనుక, కారు టైరును లోడు టైరుగా అంటగట్టే ప్రయత్నం అక్కడే బయటపడుతుంది.

ఇంకొక్క మాట బ్రేకు గురించి. ముప్పై బస్తాల బండిని మినీ ట్రాక్టరు లాగగలదు, కట్ట దిగేటప్పుడు ఆపగలదని నమ్మకం లేదు. 7.50-16కు వెళ్లేవారు హబ్బు కొనేటప్పుడే బ్రేకు డ్రమ్ము ఉన్నదాన్ని అడిగితే, బ్రేకు ఇప్పుడు కాకపోయినా రేపు పెట్టించుకోవచ్చు. సాదా హబ్బు వేశాక అది కుదరదు.

నేను రెండోసారి చేయించిన ట్రాలీకి 7.50-16, ఒకే ముక్క రిమ్ములు, ఆరు బోల్టుల డ్రమ్ము హబ్బులు, లోపల 30210, బయట 30207 బేరింగులు వేయించాను. టైర్లు మాత్రం ఒకటి కొత్తది, మరొకటి రెండేళ్ల పాతది, ఎందుకంటే అప్పటికి చేతిలో మిగిలిన డబ్బు అంతే. మొదటి రోజు ఇరవై బస్తాలతో పది కిలోమీటర్లు నడిపి ఆపి, నట్లన్నీ మళ్లీ బిగించి, రెండు హబ్బుల మీదా అరచెయ్యి పెట్టి చూశాను. రెండూ గోరువెచ్చగా, ఒకే తీరుగా ఉన్నాయి. బేరింగు నంబర్లు, ఆయిల్ సీలు కొలత, గాలి ఎంత పెట్టాలో ట్రాలీ ముందు పలక లోపలి వైపు తెల్ల పెయింటుతో రాయించాను. ఎరువుల బస్తాలు దింపినప్పుడల్లా అవి కనబడతాయి.